నిన్నటి నీళ్ళు

కార్తీకమాసం మొదలైన నాటి నుంచి మా డాబా మీది ట్యాంకులో వేడి తెల్లారేసరికి మాయమైపోతోంది.

పోయేది నీళ్ళు కాదు, వేడి. ట్యాంకు నిండుగానే ఉండేది. సాయంత్రం కుళాయి తిప్పితే చెయ్యి చుర్రుమనేది. పొద్దున్న అదే కుళాయి తిప్పితే వెన్నులోంచి వణుకు పుట్టుకొచ్చేది. బీరువాకి వేసిన తాళం వేసినట్టే ఉండి, లోపలి నగలు మాత్రం పోతే ఇంటాయనకి ఎలా ఉంటుందో నాకూ అలాగే ఉంది.

నగలైతే ఇంత బెంగ పడేవాణ్ణి కాను. ఆ వేడి మీద మా ఆవిడ ఊపిరి ఆధారపడి ఉంది.

పద్మావతికి ఆయాసం. మా ఇంట్లో వంట గ్యాస్ మీదే అయినా, స్నానాలకి మాత్రం దొడ్లో నీళ్ళపొయ్యి ఉండేది. మురమళ్ళ పక్కన ఊరు మాది. నాది కొబ్బరికాయల వ్యాపారం. మట్టలకీ, కాయ వలిచిన డొక్కలకీ, పీచుకీ లోటేముంది? అన్నీ ఆ పొయ్యిలోకే వెళ్ళేవి. పచ్చి డొక్క పొయ్యిలో పడితే వచ్చే పొగ ఎలా ఉంటుందో ఈ చుట్టుపక్కల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పెళ్ళయిన నాటి నుంచీ పద్మ రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చుని ఊదుతూనే ఉంది.

వానాకాలం వెళ్ళేసరికి నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునే స్థితికి వచ్చింది. అమలాపురంలో డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ దించి, "ఆ పొయ్యి ఇంకోసారి ముట్టించేవనుకో, నా దగ్గరికి రావద్దమ్మా. వచ్చినా నేను చెయ్యగలిగిందేం ఉండదు" అన్నారు.

కరెంటు గీజరు పెడదామంటే మా ఊరి ఉప్పునీళ్ళకి కాయిల్ ఆగదు. పైగా కరెంటూ నీళ్ళూ ఒక గదిలో ఉండడానికి వీల్లేదని మా అత్తగారి పట్టుదల. వంట పొయ్యి మీద స్నానాల నీళ్ళు పెట్టనివ్వదు కూడా. గాలాడని చిన్న స్నానాలగదిలో గ్యాస్ గీజరు వద్దని డాక్టరే అన్నారు. ఇక మిగిలింది సూర్యుడు.

అత్తగారి సంగతి ఇక్కడే చెప్పాలి. ఆవిడ పేరు బుజ్జమ్మ. నేను రామచంద్రపురం నుంచి ఇల్లరికం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో ఆవిడ నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగదు. కోపమేం కాదు, మర్యాద. అల్లుడికి ఎదురుపడి మాట్లాడకూడదని వాళ్ళమ్మ నేర్పిందట. నాకు చెప్పాల్సింది పద్మకి చెబుతుంది. పద్మ లేకపోతే పిల్లికి చెబుతుంది. పిల్లీ లేకపోతే గుమ్మానికి. "అల్లుడుగారు మజ్జిగ పుచ్చుకుంటారేమో" అని ఖాళీ గుమ్మం వైపు చూసి అనేది. "పుచ్చుకుంటానండీ" అని నేనూ గుమ్మానికే జవాబిచ్చేవాణ్ణి. మజ్జిగ వచ్చేది. మా ఇద్దరికీ ఆ పద్ధతిలో ఇబ్బందేమీ కనిపించలేదు.

దీపావళికి ముందు అమలాపురం నుంచి బెంజమిన్ వచ్చి సోలారు బిగించాడు. సన్నగా, పొడుగ్గా, నోరు విప్పితే 'అండీ' లేకుండా మూయని మనిషి. వరసగా నల్లటి గాజు గొట్టాలు, వాటి నెత్తిన గుండ్రటి ట్యాంకు. మా అత్తగారు మేడమెట్ల మలుపులో నిలబడి అంతా చూసింది.

"రాత్రి సూర్యుడుండడు కదా, పొద్దున్నకి నీళ్ళెలా కాగుతాయో అడగవే" అంది పద్మతో.

బెంజమిన్ విని, "పగలు కాగిపోతాయండీ అమ్మగారూ. ఈ ట్యాంకు ఫ్లాస్కు లాంటిదండి. మీరు పొద్దున్న వాడుకునేవి నిన్నటి నీళ్ళేనండి" అన్నాడు, తన సరుకు గొప్పతనం తనే చెప్పుకుంటున్న గర్వంతో.

"నిన్నటివా?"

"ఆయ్, నిన్నటివేనండి!"

ఆవిడ ఇంకేమీ అడగలేదు.

దీపావళికి తలంటుకుని నేను స్నానాలగదిలోంచి బయటికి రానంటే రానన్నాను. కుళాయిలోంచి పొగలు కక్కుతూ నీళ్ళు. పద్మకి ఆయాసం సగం తగ్గింది. చల్లారిన నీళ్ళపొయ్యిలో పిల్లి పడుకుని నిద్రపోయేది. దానికంత మెత్తటి బూడిద పరుపు ఎన్నడూ దొరకలేదు.

దీపావళి వెళ్ళింది. కార్తీకం వచ్చింది. మొదటి రోజు పొద్దున్న చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకుని నేను పెట్టిన కేక పక్కింటికి వినిపించింది.

పక్కింటి చిన్నబ్బాయి పేరుకే చిన్నబ్బాయి. అరవై దాటినవాడు. పద్మకి వరసకి అన్న. గోడ మీంచి తల పెట్టాడు.

"ఏం బావగారూ, ఇవాళ సూర్యుడు సెలవు పెట్టేడేంటండీ?"

"మబ్బు పట్టిందిలెండి" అన్నాను పళ్ళు కొట్టుకుంటూ.

"మబ్బా? నా గొడుగు పట్టుకెళ్ళి ఆ గొట్టాలకి పట్టండి. జలుబు చెయ్యగలదు వాటికి."

నిజంగానే మబ్బు పట్టి ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని టీవీలో చెబుతూనే ఉన్నారు. బెంజమిన్ వచ్చి ఆకాశం వంక చూసి, "వాతావరణం అండి" అని వెళ్ళిపోయాడు. వాయుగుండం ఒరిస్సా వైపు పోయింది. ఎండ విరగకాసింది. సాయంత్రం కుళాయి తిప్పితే చెయ్యి కాలింది. తెల్లారితే మళ్ళీ మంచునీళ్ళు.

బెంజమిన్ మళ్ళీ వచ్చాడు. ట్యాంకుకి చెవి ఆనించి డాక్టరు గుండె విన్నట్టు విన్నాడు. "రాత్రి వేడి నిలబడట్లేదండి. ట్యాంకులోనే లోపం ఉందండి. మార్చేస్తానండి" అన్నాడు. మాట మీద నిలబడ్డాడు. తాళ్ళు కట్టి పాత ట్యాంకు దించి, కొత్తది ఎక్కించి, చెమటలు తుడుచుకుంటూ, "రేపు చూడండి శ్రీనివాస్ గారూ, మీరే నాకు ఫోన్ చేస్తారు" అన్నాడు.

ఫోన్ చేశాను. తిట్టడానికి.

 "కొత్త ట్యాంకండీ అది" అన్నాడు నీరసంగా.  

ఇంట్లో ఏ భోజనం దగ్గర చూసినా అదే గోల. నేనేదో అనడం, పద్మ ఏదో అనడం. మా అత్తగారు వడ్డిస్తూ అన్నీ వినేది. ఆవిడ మొహంలో బెంగ ఉంది. ఒకరోజు గుమ్మంతో, "ఇంకా బాగా చెయ్యాలేమో" అంది. బెంజమిన్ గురించి అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక పొద్దున్న పొగవాసనకి మెలకువ వచ్చింది.

పొగ. ఎవరో ఈడ్చి లేపినట్టు లేచాను. పక్కన పద్మ లేదు. దొడ్లోకి పరిగెత్తేసరికి నీళ్ళపొయ్యి ముట్టించి ఉంది. మంట లేదు, ఉన్నదంతా పొగే. మంచుకి తడిసిన డొక్కలు. పద్మ పొయ్యికి బారెడు దూరంలో నేల మీద కూలబడి, రెండు చేతులూ నేలకి ఆన్చి, నోరు తెరుచుకుని ఉంది. లోపలికి గాలి వెళ్తున్న చప్పుడు లేదు. ఈల వేసినట్టు ఒక సన్నటి కూత మాత్రం వస్తోంది.

"ఎందుకు ముట్టించేవే?" అని అరిచాను.

"అమ్మ..." అంది. ఆగింది. "చన్నీళ్ళు... పోసుకుని... వణికిపోతోందండీ. మనం... పెట్టిన మిషను..."

మిగతాది చెప్పడానికి ఊపిరి చాల్లేదు.

గోడ అవతలి నుంచి చిన్నబ్బాయి ఒక్క మాట అడగకుండా కారు తీశాడు. అమలాపురం చేరేదాకా పద్మ చెయ్యి నా చేతిలోనే ఉంది. గోళ్ళు నీలంగా మారడం చూశాను. డాక్టరుగారు నా వంక చూడలేదు. మాస్కు పెట్టి, ఇంజక్షన్ చేసి, నర్సుకేదో చెప్పి, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "ఈసారి నిలబడింది" అన్నారు. అంతే.

ఆసుపత్రి వసారాలో నిలబడి బెంజమిన్‌కి ఫోన్ చేశాను. సోమవారం వచ్చి ఆ సోలారు విప్పుకుపొమ్మన్నాను.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు. ఫోన్ పెట్టేస్తాడనుకుంటే పెట్టలేదు. "కానండీ శ్రీనివాస్ గారూ, వేడి పోయిందంటే ఎక్కడికో పోవాలి కదండీ? ఎక్కడికి పోతోందో తెలీకుండా విప్పమంటే నా మనసు ఒప్పుకోవట్లేదండి."

"నా మనసు ఒప్పుకుంది. వచ్చి విప్పండి."

విప్పాక ఏం చేస్తామన్నది నేనాలోచించలేదు. మా అత్తగారు ఆలోచించింది. బట్టల కోసం ఇంటికి వెళ్తే గుమ్మంతో చెప్పింది. "పొయ్యి నేను ముట్టించుకుంటాను. అమ్మాయిని గదిలో పడుకోబెట్టి తలుపేస్తాను. పొగ వెళ్ళదు."

నేను గుమ్మానికి జవాబివ్వలేదు. తల్లి పొయ్యి ముందు దగ్గుతూ ఊదుతుంటే తలుపు వెనకాల పడుకునే మనిషి కాదు పద్మ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు, ఆ గుమ్మానికీ తెలుసు. సోలారు దిగిన రోజు పొయ్యి రాజుకుంటుంది. పొయ్యి రాజుకున్న రోజు డాక్టరుగారి మాట నిజమవుతుంది.

ఆదివారం పద్మని ఇంటికి తెచ్చాం. నాలుగు దిళ్ళు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాం. పలకరించడానికి వచ్చిన చిన్నబ్బాయి వెళ్తూ వెళ్తూ దొడ్డిదారిన నడిచి, అక్కడి నుంచి కేకేశాడు.

"బావగారూ! ఇలా ఓసారి రండి. అరటిపిలకలు ఉడకేసుకున్నారేంటండీ?"

"ఏంటి మీ వేళాకోళం?" అంటూ వెళ్ళాను.

వేళాకోళం కాదు. స్నానాలగది తూములోంచి వచ్చే నీళ్ళు పడేచోట మాకు అరటి పాదు ఉంది. పాదులో తూముకి దగ్గరున్న పిలకలు మెత్తబడి పక్కకి వాలిపోయాయి. మొదలు పట్టుకుంటే పొరలు పొరలుగా ఊడి చేతికొచ్చింది. నిజంగానే ఉడికిన వాసన. దూరంగా ఉన్న చెట్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

"తెగులేమోనండీ" అన్నాను.

"నలభై ఏళ్ళ నించీ అరటి వేస్తున్నానండీ. ఇది తెగులు కాదు, కూర" అన్నాడు చిన్నబ్బాయి. తాళింపు ఒక్కటే తక్కువన్నాడు.

నేను నవ్వలేదు. బెంజమిన్ మాట చెవిలో తిరుగుతోంది. వేడి ఎక్కడికో పోవాలి. కార్తీకం వచ్చాక మా ఇంట్లో ఒక్క మనిషి వేడినీళ్ళు పోసుకోలేదు. మరి ఈ తూములోంచి కాలే నీళ్ళు ఎలా వస్తున్నాయి?

సోమవారం చీకటి విడకుండానే లేచి దొడ్డి అరుగు మీద చేరాను. మంచు దట్టంగా ఉంది. కొబ్బరాకుల మీంచి బొట్లు రాలుతున్నాయి. ఊళ్ళో ఎవరో అప్పుడే శివుడి పాటల మైకు పెట్టారు. స్నానాలగదిలో దీపం వెలుగుతోంది. తలుపు తెరిచే ఉంది. కుళాయి ధార బకెట్టులోకి కాదు, తిన్నగా నేల మీదికి పడుతున్న చప్పుడు. కాసేపటికి తూము నోట్లోంచి తెల్లటి ఆవిరి లేచి అరటి పాదు మీద పరుచుకుంది.

దొంగ దొరికింది. లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను.

మా అత్తగారు తడి అంటకుండా చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, పూర్తిగా తిప్పిన వేడినీళ్ళ కుళాయి పక్కన నిలబడి ఉంది. ధారలో వేలు పెట్టడం, చురుక్కుమనగానే తియ్యడం, మళ్ళీ పెట్టడం. పాలు విరిగాయో లేదో చూసుకునే మనిషంత శ్రద్ధగా ఉంది మొహం.

నన్ను చూసి గబుక్కున కొంగు తల మీదికి లాక్కుంది. పద్మ లేదు. పిల్లీ లేదు. గుమ్మంలో నేనే ఉన్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి, ఆఖరికి బకెట్టు వైపు తిరిగింది.

"అల్లుడుగారు ఇంత పొద్దున్నే లేచేరేంటో" అంది బకెట్టుతో.

"ఆ నీళ్ళెందుకు వదిలేస్తున్నారండీ?" అన్నాను. 

"నిన్నటి నీళ్ళు కదా." ఇంత చిన్న విషయం తెలియనందుకు ఆశ్చర్యపోతూ చెప్పింది బకెట్టుకి. "నిలవనీళ్ళు. పొద్దున్నే లేచి బిందెలో నిలవనీళ్ళు పారబోసి కొత్తనీళ్ళు పట్టుకోమూ? దీనికీ అంతే. పైగా కార్తీకమాసం. ఇంటిల్లిపాదీ నిలవనీళ్ళు పోసుకుంటారా?"

"రోజూ పారబోస్తున్నారా?"

"కార్తీకం వచ్చిన కాణ్నించీ ఒక్కరోజు మానలేదు. చల్లగా వచ్చేయంటే కొత్తనీళ్ళు దిగినట్టు గుర్తు. అందాకా ఇలా వేలు పెట్టి చూస్తాను. సూర్యుడొచ్చేక కొత్తనీళ్ళు కాగుతాయి, అందరూ లేచేసరికి. ఆ మిషను సరిగ్గా పనిచెయ్యట్లేదన్నారు కదా, నిలవ ఇంకా మిగిలిపోతోందేమోనని ఈమధ్య ఇంకాస్సేపు వదులుతున్నాను."

అంతా విన్నాను. ఇల్లు ఊడ్చినట్టు, కళ్ళాపి చల్లినట్టు, ఆవిడ రోజూ ఆ పని చేసింది. ఊడ్చానని ఎవరైనా ఇంట్లోవాళ్ళకి చెబుతారా? చెప్పలేదు. మేమూ అడగలేదు. అత్తగారిని అడగడమన్నది నాకు తట్టను కూడా లేదు.

"అత్తయ్యగారూ" అన్నాను నెమ్మదిగా. "పొద్దున్న సూర్యుడొచ్చేసరికి ఆ నీళ్ళు కాగవండీ. రోజంతా పడుతుంది. నిన్న పగలు కాగిందే ఇవాళ పొద్దున్న మనం పోసుకోవాలి. దాన్ని మనం తూములోకి వదిలేస్తున్నాం."

ఆవిడ బకెట్టు వంకే చూస్తూ ఉండిపోయింది. ధార పడుతూనే ఉంది. ఆవిరి ఆవిడ మోకాళ్ళ దాకా లేస్తోంది. ఆవిడ లోపల ఒకదాని వెనక ఒకటి తలుపులు తెరుచుకోవడం నాకు కనిపించింది. తను వదిలేసింది ఇంటివాళ్ళ వేడి. తను పోసుకున్నది చన్నీళ్ళు. తను వణకడం చూసింది పద్మ. పద్మ పొయ్యి ముట్టించింది.

చెయ్యి చాచి కుళాయి కట్టేసింది. కొంగు సర్దుకుంది.

"అల్లుడుగారూ" అంది. "ఆ బెంజమిన్ గారికి ఫోన్ చెయ్యండి. రావద్దని."

"ఆయ్, చేస్తానండీ" అన్నాను.

అరుగు మీదికి వచ్చి ఫోన్ తీశాక గానీ నాకు వెలగలేదు, ఆవిడ ఆ మాట నా మొహం చూసి చెప్పిందని.

ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. బాగా పొద్దెక్కాక బెంజమిన్ ట్రాలీ ఆటోలో తాళ్ళూ, పానాలూ వేసుకుని దిగాడు. పీనుగ లేచే ఇంటికి వచ్చినట్టుంది మొహం. నేను ఎదురెళ్ళి అతనితో ఏం చెప్పాలా అని నసుగుతున్నాను. అత్తగారి పరువు పోకూడదు, అతని ట్యాంకుకి మచ్చ రాకూడదు. "అదేనండీ బెంజమిన్ గారూ, కుళాయి ఎక్కడో కొంచెం..." అంటున్నాను.

గది తలుపు వెనక నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "కుళాయి కాదని చెప్పవే పద్మా. పాపం ఆ పిల్లాడి చేత బరువులు మోయించేం. నేనే పారబోసేనని చెప్పు."

పద్మ దిళ్ళకి ఆనుకునే, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ అతనికి అంతా చెప్పింది. ఆగి ఆగి చెప్పింది. బెంజమిన్ ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత డాబా వైపు చూశాడు. ఆ తర్వాత గడప మీద కూర్చుండిపోయి, చేతిలో పానా పక్కన పెట్టి, రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. భుజాలు ఊగుతుంటే ఏడుస్తున్నాడేమోనని కంగారుపడ్డాను.

నవ్వుతున్నాడు.

"రెండు ట్యాంకులండీ" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "రెండు ట్యాంకులు మోసేనండీ. మా ఓనరుగారు నన్ను రోజూ తిడుతున్నారండీ. అమ్మగారూ, నిన్నటి నీళ్ళని నేనే అన్నానండీ ఆరోజు. ఆ మాట అనకుండా ఉండాల్సిందండి. మరిప్పుడు లోపం ఏంటని చెప్పమంటారండీ ఓనరుగారికి?"

"నిలవదోషం అని చెప్పండి" అంది పద్మ. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి నవ్వింది. నవ్వుతో పాటు దగ్గొచ్చింది గానీ, నిలదొక్కుకుంది.

ఇక్కడితో కథ సుఖాంతమైందనుకున్నాను. కాలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అత్తగారు పద్మకి పెరుగన్నం కలుపుతూ, "అమ్మాయి ఊపిరి కోసం పారబొయ్యను. అయితే నిలవ నిలవే కదా. కార్తీకం వెళ్ళేదాకా నేను మట్టుకు చన్నీళ్ళే పోసుకుంటాను" అంది.

 ఆవిడ చన్నీళ్ళు పోసుకుని వణికితే పద్మ ఊరుకుంటుందా?

"ఊరుకోను" అంది పద్మ, నా మనసులో మాట విన్నట్టు. "అమ్మా, ఈ పెరుగు ఎప్పుడు తోడేసేవు?"

"రాత్రి."

"మరి నిలవపెరుగు పెడుతున్నావేంటే నాకు? పైగా కార్తీక సోమవారం."

"నీ మొహం. రాత్రి తోడేస్తేనే కదే పొద్దున్నకి పెరుగయ్యేది. నిలవెందుకవుద్ది?"

"మన నీళ్ళూ అంతే. పగలు సూర్యుడు తోడేసేడు. రాత్రంతా తోడుకున్నాయి."

మా అత్తగారి చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. పెరుగు వంక చూసింది. పైకప్పు వంక చూసింది. బేరం తేలని మనిషిలా పెదవి బిగించింది. నేను ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాను.

"పెరుగైతే మీద తేరిన నీళ్ళు వంపేస్తాం" అంది.

"వంపు. ఎన్ని వంపుతావు?"

"చెంబుడు. మొదటి చెంబుడు పారబోస్తాను. అది నిలవ. మిగతావి తోడుకున్నవి."

"ఒక్క చెంబేనా?"

"ఒక్క చెంబేనే, నీ మీదొట్టు."

మర్నాడు పొద్దున్న నేను అరుగు మీద కాపలా కూర్చోలేదు. పడుకునే విన్నాను. చెంబు నిండిన చప్పుడు. నీళ్ళు తూములోకి జారిన చప్పుడు. కుళాయి కట్టిన చప్పుడు. ఆ తర్వాత బకెట్టు నిండుతోంది. చాలాసేపు నీళ్ళు పోసుకున్న చప్పుడు, మధ్యలో మా అత్తగారి గొంతులోంచి, ఆవిడకి తెలియకుండానే కాబోలు, 'అబ్బా' అని ఒక నిట్టూర్పు. పద్మ కూడా వింటోంది. చీకట్లో నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. గోళ్ళు వెచ్చగా ఉన్నాయి.

తర్వాత నేను వెళ్ళి తలుపేసుకుని కుళాయి తిప్పాను. చెయ్యి చుర్రుమంది. గట్టిగా అరిచాను. ఈసారి చిన్నబ్బాయి గోడ మీంచి, "ఏంటి బావగారూ, సూర్యుడు డ్యూటీ ఎక్కేడా?" అన్నాడు.

మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడింది ఆ ఒక్కసారే. మళ్ళీ గుమ్మానికీ పిల్లికీ చెప్పడమే. అయితే కార్తీకం ఆఖర్న ఒకరోజు తనే గునపం తీసుకుని నీళ్ళపొయ్యి పెళ్ళగించింది. ఆ రాళ్ళు చిన్నబ్బాయి పశువులపాకకి మెట్టుగా పనికొచ్చాయి. అడ్డొచ్చిన పిల్లిని, "అల్లుడుగారితో చెప్పు, ఇక్కడ రెండు మల్లె అంట్లు తెమ్మని" అని పంపింది. తెచ్చాను.

పుష్యమాసంలో మంచి చలి పట్టిన ఒక పొద్దున్న, కొబ్బరికాయ దింపులవాళ్ళు మా దొడ్లో దిగారు. దొడ్డి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. డాబా మీదికి వంగిన చెట్టొకటి ఉంది. దాని మీదికి ఒకతను సగం దాకా ఎక్కాడు. ఇంతలో ఇంట్లోంచి పద్మ దొడ్లోకి విసవిసా వెళ్ళడం చూశాను.

"ఓయ్, ఎవరయ్యా ఆ చెట్టెక్కింది, నీకు కళ్ళున్నాయా లేవా, కింద గాజు గొట్టాలుంటే గెల నరికి పడేద్దావనా, తాడు కట్టి దింపమని నిన్న నీకు చెప్పేనా లేదా, ఒక్క కాయ వాటి మీద పడిందో నువ్వు దిగేసరికి నేనిక్కడే ఉంటాను, నువ్వు దిగవు నేను వెళ్ళను, సంకురాత్రి దాకా అక్కడే ఉందువు గాని, ఇంటికి కబురెట్టుకో!"

చెట్టు మీదతను తాటితాడు గట్టిగా పట్టుకుని, "ఆయ్, తాడు కడతానండీ అమ్మగారూ, కడతానండీ" అంటున్నాడు. పక్కింట్లోంచి చిన్నబ్బాయి, "చెల్లెమ్మా, ఊరంతా లేచేరు, ఇంక చాలు" అని బతిమాలుతున్నాడు. పద్మ ఆపలేదు. అతని తాతల దాకా వెళ్ళింది. మధ్యలో ఎక్కడా గోడ పట్టుకోలేదు, ఎక్కడా ఊపిరి కోసం ఆగలేదు.

నాకు కాఫీ చల్లారిపోయింది. అలాగే వింటూ కూర్చున్నాను.